కుక్క తోక, గోదారి, ఏడు రాగి పలకలు: నా అనుభవం

పోయిన ఏడాది మే నుంచి ఈ ఫిబ్రవరి దాకా సామెతల మీద రాగి పలకలతో బొమ్మలు అచ్చు తీశాను. ఎచింగ్ అంటారు దీన్ని. పలక మీద మైనం పూత వేసి, సూదితో ఆ పూతను గీకి, గీకిన చోట యాసిడ్ రాగిని తినేలా చేసి, ఆ గుంటల్లో సిరా నింపి తడి కాగితం మీద ప్రెస్సులో నొక్కుతారు. నేను హైస్కూల్లో డ్రాయింగ్ టీచర్ని. మాది కోనసీమలో పి.గన్నవరం అక్విడెక్టు (ఏటి మీంచి కాలవ పోయే వంతెన) దాటాక ఒక లంక. విశాఖలో ఫైన్ ఆర్ట్స్ చదివిన రోజుల్లో చేసిన పని ఇది, తర్వాత ఇరవై రెండేళ్ళు ముట్టుకోలేదు. ఇంటి దగ్గరే చేయాలంటే ఏం కావాలి, ఎంత అవుతుంది, ఎక్కడ దెబ్బ తింటాం అన్నది చెప్పేవాళ్ళు నాకు దొరకలేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మొదలు గోయా బొమ్మలు. స్పెయిన్ చిత్రకారుడు ఫ్రాన్సిస్కో గోయా ముసలితనంలో, సుమారు 1815 నుంచి 1823 మధ్య, చెవులు వినపడని స్థితిలో రాగి మీద వేసిన 22 బొమ్మలు. కాలేజీ లైబ్రరీలో చూసిన దగ్గర్నుంచీ నన్ను వదల్లేదు. పోయిన ఏప్రిల్లో ఒక రాత్రి మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియం సైటులో వాటిని ఫోన్లో పెద్దవి చేసుకుని చూస్తున్నాను. పక్క మంచం మీద అమ్మ నిద్రపట్టక కూర్చుని ఉంది. అమ్మకి 77.

"ఏంట్రా అంత కళ్ళు పొడుచుకుని చూస్తున్నావు?" అంది.

చూపించాను. ఒకదాంట్లో ఆరుగురు ఆడవాళ్ళు దుప్పటి నాలుగువైపులా పట్టుకుని గడ్డిబొమ్మల్ని గాల్లోకి ఎగరేస్తుంటారు. అమ్మ అద్దాలు సర్దుకుని చూసి, "తాలు గింజల్ని చెరిగినట్టు చెరుగుతున్నారు" అంది. ఇంకోదాంట్లో ఎండిపోయిన చెట్టు కొమ్మ మీద కొంతమంది గుడ్డలు కప్పుకుని ముడుచుకుని కూర్చుంటారు. కింద నేల కనపడదు. కొమ్మ ఎప్పుడు విరుగుతుందో తెలీదు. అది చూడగానే అమ్మ మొహం మారిపోయింది. "ఇది మన వరద కదరా" అంది.

1986 ఆగస్టు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద. నాకు ఐదేళ్ళు. మా లంకలో స్కూలు డాబా మీద రెండు రాత్రులున్నాం. నాకు గుర్తున్నది తడిసిన దుప్పటి వాసన, అమ్మ నన్ను తన కొంగుతో నడుముకి కట్టుకోవడం, అంతే. అమ్మకి మాత్రం అంతా గుర్తుంది. స్పెయిన్‌లో రెండు వందల ఏళ్ళ క్రితం వేసిన బొమ్మలో మా వరద ఎలా దూరిందో ఆ రాత్రి నాకు అర్థం కాలేదు.

ఈ బొమ్మల్ని సామెతల బొమ్మలని కూడా అంటారని చెప్పాను. "అయితే ఇది ఏ సామెత?" అని అడిగింది. చెప్పలేకపోయాను. ఎందుకంటే గోయా చెప్పలేదు. కొన్ని ప్రూఫుల (పలక ఎలా వచ్చిందో చూడటానికి తీసే అచ్చుల) మీద 'దిస్పరాతే' అని తన చేత్తో రాసుకున్నాడు. అంటే వెర్రి పని, పిచ్చి అని. బతికుండగా వీటిని బయటపెట్టలేదు. 1828లో చనిపోయాడు. 1864లో మాడ్రిడ్‌లోని శాన్ ఫెర్నాండో అకాడమీ వాళ్ళు 18 పలకల్ని అచ్చేసి 'సామెతలు' అని పేరు పెట్టారు. మిగతా నాలుగు 1877లో పారిస్‌లో ఒక పత్రికలో వచ్చాయి. ఆయన ఏ వరుసలో పెట్టాలనుకున్నాడో కూడా తెలీదు. ఏ బొమ్మకి ఏ సామెత అని పండితులు ఇప్పటికీ ఎవరికి తోచింది వాళ్ళు చెబుతూనే ఉన్నారు. ఇదంతా విని అమ్మ, "అయితే చూసేవాళ్ళ ఇష్టమన్నమాట" అని పడుకుంది.

మా అమ్మ సామెత లేకుండా మాట్లాడదు. కొబ్బరికాయల దింపు ఒక దళారిని నమ్మి వదిలేసిన ఏడు నాన్నగారితో "కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినట్టుంది మన వ్యవహారం" అని ఏడాదంతా అంది. ఆ సామెతనీ, అలాంటివే ఇంకొన్నింటినీ గోయా పద్ధతిలో రాగి మీద వేయాలని ఆ వేసవి సెలవుల్లో నిర్ణయించుకున్నాను.

మే 6న ప్రెస్సు పని ఒక లేత్ షాపుకి అప్పజెప్పాను. కొత్తది ఉత్తరాది నుంచి తెప్పించుకుంటే లారీ కిరాయితో కలిపి నాకు అందని ధర. రెండు గట్టి ఇనుప రోలర్లు, మధ్యలో కదిలే మందపాటి పలక, తిప్పడానికి చక్రం. 46,000కి ఒప్పుకున్నాడు. ఇరవై రోజులన్నాడు, 57 రోజులు పట్టింది. వెళ్ళిన ప్రతిసారీ "ఆయ్, రేపిచ్చేస్తానండి మాస్టారూ" అనేవాడు. వచ్చాక చూస్తే అచ్చు ఎడమవైపు నల్లగా, కుడివైపు వెలిసిపోయినట్టు పడింది. అతను రెండుసార్లు ఇంటికొచ్చి, డబ్బులు అడగకుండా, పల్చటి రేకు ముక్కలు పెట్టి సరిచేశాడు. మీరు చేయించుకుంటే ఒక పరీక్ష చెప్తాను. రెండు చివర్లా ఒకే వెడల్పు న్యూస్‌పేపర్ ముక్కలు పెట్టి రోలర్ బిగించి, రెండింటినీ లాగి చూడండి. రెండూ ఒకే గట్టితనంతో ఆగాలి. షాపులో ఉండగానే ఈ పని చేయాలి, ఇంటికి తెచ్చుకున్నాక కాదు.

ఫెల్టు దుప్పట్లు మూడు కావాలి ప్రెస్సుకి. వాటికి 7,500, రావడానికి 19 రోజులు. ఇది నేను లెక్కలో వేసుకోలేదు.

గోయా పలకలు సుమారు 24.5 సెంటీమీటర్లు ఎత్తు, 35 వెడల్పు. నేనూ అదే కొలత పెట్టుకున్నాను. 1.2 మిల్లీమీటర్ల మందం రాగి రేకు, పన్నెండు ముక్కలు, ఒక్కోటి కిలోకి కాస్త తక్కువ, మొత్తం 12,000. రేకు మీద గీతలుంటే అవన్నీ అచ్చులో పడతాయి కాబట్టి సంచిలో పెట్టుకుని బస్సెక్కి అజ్జరం వెళ్ళాను. ఇత్తడి పని చేసే ఊరు. అక్కడ ఒక్కో పలకకి 150 తీసుకుని ముఖం కనపడేలా మెరుగు పెట్టారు. "బొమ్మ దీని మీద చెక్కుతారా, గీస్తారా?" అని పెద్దాయన అడిగారు. యాసిడ్‌తో తినిపిస్తానంటే బాధపడ్డట్టు చూసి, "ఇంత మెరుగు పెట్టాక ఎందుకండీ పాడుచేయడం" అన్నారు.

ఇంటికొచ్చాక నాలుగంచులూ ఆకురాయితో ఏటవాలుగా రాయాలి. లేకపోతే అంచు కత్తిలా కాగితాన్నీ ఫెల్టునీ కోసేస్తుంది. ఒక పలకకి గంటన్నర. తర్వాత జిడ్డు పోవాలి. నీళ్ళు పోస్తే ముత్యాల్లా విడిపోకుండా పలకంతా పల్చగా పరుచుకుని నిలబడితే జిడ్డు పోయినట్టు. రాగి మీద కిలుం పోవడానికి వెనిగర్, ఉప్పు వాడమని కాలేజీలో చెప్పారు. అమ్మ చింతపండు గుజ్జు, ఉప్పు తెచ్చి రాగి చెంబు తోమినట్టు తోమేసింది. రెండు నిమిషాల్లో పలక గులాబీ రంగులోకి వచ్చింది. తర్వాత సుద్దపొడితో రుద్ది కడిగితే చాలు. ఆ రోజు నుంచి వెనిగర్ కొనలేదు.

యాసిడ్ విషయంలో జాగ్రత్త. నైట్రిక్ యాసిడ్ పొగ ఇంట్లో పిల్లలు, పెద్దవాళ్ళు ఉన్నచోట వద్దు. రాగికి ఫెర్రిక్ క్లోరైడ్ చాలు. సర్క్యూట్ బోర్డులు చేసేవాళ్ళు వాడేదే కాబట్టి ఎలక్ట్రానిక్స్ సామాన్ల షాపుల్లో దొరుకుతుంది. నీళ్ళలో పొడి కొంచెం కొంచెంగా వేయాలి, పొడి మీద నీళ్ళు పోయకూడదు. బాగా వేడెక్కుతుంది. పలకని బోర్లా వేలాడదీయాలి, లేకపోతే అడుగున చేరే మడ్డి గీతల్లో కూర్చుని సరిగ్గా తిననివ్వదు. చేతికి తగిలితే గోరింటాకు పాతబడ్డ రంగు వారం పోదు.

వాడేసిన ద్రావణం బోదెలో పోయకండి, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను. మన దగ్గర ప్రతి బోదే ఏదో ఒక కాలవలో, డ్రైన్లో కలుస్తుంది. ఆ నీళ్ళే చేపల చెరువులకి, రొయ్యల చెరువులకి వెళ్తాయి. అందులో రాగి ఉంటుంది. చాకలి సోడా వేసి, నురగ ఆగేదాకా కలిపి, రెండు రోజులు తేరనిచ్చి, అడుగున దిగిన ముద్దని ఎండబెట్టి డబ్బాలో మూతపెట్టి ఉంచాను. ఆ డబ్బా ఇంకా షెడ్డులోనే ఉంది.

జులై 13, ఆదివారం, మొదటి పలక. తేనెమైనం, తారు, రజనం (రోజిన్, చెట్టు జిగురు గడ్డ) కరిగించి చేసిన పూత వేసి, కొవ్వొత్తి పొగతో నల్లగా చేశాను. సామెత: తాడిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం. చెట్టు, చెట్టు మీద కొడవలితో మనిషి, కింద దూడ, నడుం మీద చేయి పెట్టుకుని అడుగుతున్న ఇంకో మనిషి. నాలుగు ఆదివారాలు పట్టింది. అచ్చు స్కూలుకి తీసుకెళ్ళి ఎనిమిదో తరగతికి చూపించాను. పిల్లలు చూసిన మరుక్షణం సామెత చెప్పేసి, నవ్వేసి, కిటికీలోంచి బయటికి చూశారు. ఒక్క క్షణంలో అయిపోయింది నాలుగు వారాల పని. ఇంటికొచ్చి అమ్మకి చూపిస్తే, "బాగుందిరా. సామెత నేను నోటితోనే చెప్తున్నానుగా, మళ్ళీ బొమ్మెందుకు?" అంది.

నెల రోజులు పలక ముట్టుకోలేదు. చాలా బాధపడ్డాను. అప్పటికే పీఎఫ్ లోను పెట్టి తెచ్చిన డబ్బులో మూడొంతులు అయిపోయింది. గోయా బొమ్మలు మళ్ళీ మళ్ళీ చూశాను. ఆయన సామెతని చెప్పడం లేదు. సామెత లోపల బతుకుతున్నవాళ్ళని చూపిస్తున్నాడు. తామున్నది వెర్రిలో అని వాళ్ళకి తెలీదు. దుప్పటి ఎగరేసే ఆడవాళ్ళ మొహాల్లో నవ్వుంటుంది. కొమ్మ మీద కూర్చున్నవాళ్ళలో ఎవరో ఏదో చెప్తుంటే మిగతావాళ్ళు శ్రద్ధగా వింటుంటారు. మనం బయట నుంచి చూసి భయపడతాం.

తాడిచెట్టు మళ్ళీ గీశాను. ఈసారి పైనుంచి. మట్టల మధ్య మనిషి వీపు, మానుని కావిలించుకున్న చేతులు. అంత కింద ఊరంతా నిలబడి తలలెత్తి చూస్తోంది. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో గడ్డిమోపు. దూడ లేదు. మా కొబ్బరికాయలు దింపే అతనికి చూపించాను. ఏ సామెత అని నేను అడగలేదు, అతనూ అడగలేదు. చాలాసేపు చూసి, "దిగలేక ఉండిపోయాడండి ఇతను" అన్నాడు. తర్వాత, కుర్రతనంలో ఒకసారి తను చెట్టు మీద ఒళ్ళు బిగుసుకుపోయి గంటసేపు దిగలేకపోయిన సంగతి చెప్పాడు. పదిహేనేళ్ళుగా మా ఇంటికి వస్తున్నాడు, ఈ మాట ఎప్పుడూ చెప్పలేదు.

అక్కణ్ణుంచి పని సాగింది. ఎద్దు ఈనిందంటే దూడని గాటన కట్టమన్నట్టు, కప్పల తక్కెడ, ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకి నిప్పడిగినట్టు. చుట్ట బొమ్మ నాకు బాగా ఇష్టం, దాంట్లో మంట కనపడదు, వరసగా నిలబడ్డ మనుషుల మొహాల మీద వెలుగు మాత్రం ఉంటుంది. కప్పల తక్కెడ పలక మీద బియ్యం బస్తా వేసి దాని మీద 'సన్నబియ్యం' అని మామూలుగా రాసేశాను. అచ్చులో తిరగబడింది. అక్షరాలే కాదు, కొడవలి ఎడమచేతిలోకి వెళ్తుంది, పడమర తూర్పవుతుంది. పలక మీద గీసే ముందు బొమ్మని అద్దంలో చూసుకోవడం అలవాటు చేసుకోండి. మూడు పలకలు నేను పాడుచేశాను, అందులో ఒకటి దీనివల్లే.

'పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టు' అన్న బొమ్మ గురించి రాయాలా వద్దా అని ఆలోచించాను. ఇంటివాళ్ళంతా కలిసి ఒక మనిషి తలకి పొడుగాటి గుడ్డ చుట్టుతుంటారు. గుడ్డ మధ్యలోంచి రోకలి పైకి లేచి ఉంటుంది, మనిషి మొహం కనపడదు. చుట్టేవాళ్ళ ముఖాల్లో ప్రేమ ఉంది, అలాగే గీశాను. మా స్కూల్లో ఒక మేడమ్ గారు దాన్ని చూసి ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. మర్నాడు వచ్చి, "మా ఇంట్లో ఒకళ్ళకి ఇలాగే చుట్టాం మాస్టారూ, పన్నెండేళ్ళు" అన్నారు. డాక్టరుకి చూపించకుండా తాయెత్తులు, మొక్కులతో గడిచిన పన్నెండేళ్ళు. నవ్వు కోసం వాడుకునే సామెత ఒక ఇంట్లో ఎంత బరువో ఆ రోజు తెలిసింది. అప్పట్నుంచి ఆవిడ ఉన్నప్పుడు ఆ అచ్చు బయటికి తీయను.

ఇక తోక. ఈ సామెతని ఎలా గీయాలో మూడు నెలలు తోచలేదు. చివరికి కుక్కని తీసేశాను. రాత్రి, నది, నీళ్ళలో మెడ దాకా మునిగిన మనిషి, అతని రెండు చేతుల మధ్య ఒక తోక. తోక ముందుకి, చీకట్లోకి పోతుంది. దాని అవతల ఏముందో లేదో తెలీదు. గట్టు కనపడదు.

చీకటి కోసం గీతలు చాలవు, ఆక్వాటింట్ వేయాలి. రజనం మెత్తగా దంచి, పెట్టెలో ధూళి లేపి, పెద్ద రేణువులు దిగేదాకా నిమిషం ఆగి, పలకని లోపలికి తోస్తే సన్నటి పొడి మంచులా పడుతుంది. తర్వాత కింద నుంచి వేడి చేయాలి. తెల్లటి పొడి ఒక మూల నుంచి కరిగి, గాజులా మారుతూ, పేరుకున్న నెయ్యి కరిగినట్టు పలకంతా పాకుతుంది. ఆ క్షణంలో మంట తీసేయాలి, ఒక్క నిమిషం ఆగితే రేణువులన్నీ కలిసిపోయి పొరైపోతుంది. ఆ సన్నటి చుక్కల మధ్యలోంచి యాసిడ్ తింటుంది. 20 సెకన్లకి లేత బూడిద రంగు, నిమిషానికి ఇంకాస్త, 3 నిమిషాలు, 8 నిమిషాలు, 25 నిమిషాలకి నలుపు. తెల్లగా ఉండాల్సిన చోట ముందే వార్నిష్ పూయాలి. ముక్కుకి మంచి మాస్కు తప్పనిసరి. ధూళి పెట్టె దగ్గర స్టవ్ ఉండకూడదు, రజనం ధూళి భగ్గుమంటుంది. మన తేమకి ఆగస్టు, సెప్టెంబరుల్లో రజనం ఉండలు కడుతుంది. మధ్యాహ్నం ఎండలో ఆరబెట్టి, పల్చటి మల్లు గుడ్డలో జల్లించి, అప్పటికప్పుడే వాడుకోవాలి.

అక్టోబరు 28. మొంథా తుఫాను వస్తోందని స్కూళ్ళకి సెలవులిచ్చారు. సాయంత్రానికి గాని గాలి పెరగదులే అనుకుని పొద్దున్నే తోక పలకకి రజనం పట్టించాను. పెట్టెలోంచి తీసి స్టవ్ గదిలోకి తీసుకెళ్తుండగా కిటికీ రెక్క ఊడి ఒక్కసారిగా గాలి కొట్టింది. పలక మీద పొడి చారలు చారలుగా లేచిపోయింది. కడిగి మళ్ళీ వేసే ఓపిక లేదు, కరెంటు ఏ నిమిషాన పోతుందో తెలీదు. అలాగే కరిగించేసి, యాసిడ్‌లో పెట్టేశాను. ఆ రాత్రి నరసాపురం దగ్గర తుఫాను తీరం దాటింది. మా పెరట్లో రెండు కొబ్బరిచెట్లు పడ్డాయి. షెడ్డు మీద సిమెంటు రేకు పగిలి కాగితాల మీద నీళ్ళు పడ్డాయి. మంచి కాటన్ కాగితం, షీటు 380 చొప్పున 40 షీట్లు కొన్నాను, అందులో పదకొండు బూజు చుక్కలు పట్టి పోయాయి. పేపరు నేల మీద, గోడ వారన పెట్టకండి. మూడు రోజులు కరెంటు లేదు. అందరి ఇళ్ళలో అందరికీ నష్టమే, దాని ముందు కాగితాల సంగతి ఎవరికి చెప్పుకుంటాం.

నవంబరు 9, ఆదివారం, తోక పలక అచ్చు. కాగితం అరగంట నానబెట్టి, తుడిచి పెట్టుకున్నాను. సిరా తుడవడం మా ఆవిడ పని. నేను తుడిస్తే ఎప్పుడూ ఎక్కువ పోతుంది. తను మల్లు గుడ్డతో మూడు వరసలు తుడిచి, చివర అరచేతి అంచుకి సుద్దపొడి అద్దుకుని తేలిగ్గా ఒక్కసారి రాస్తుంది. ప్రెస్సు తిప్పి, ఫెల్టు ఎత్తి, కాగితం ఒక మూల పట్టుకుని మెల్లగా లేపాను. గాలి లేపేసిన ఆ చారలు నదిలో ప్రవాహమయ్యాయి. నా చేత్తో ఎన్నిసార్లు గీసినా రాని వరద నీరు అక్కడుంది. మా ఆవిడా నేనూ ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు.

పండగ వెళ్ళాక జనవరి 17, 18, 19 తేదీల్లో రాజమండ్రిలో ఒక హాల్లో ఏడు బొమ్మలు పెట్టాను. చిత్రకారుడు దామెర్ల రామారావు పుట్టిన ఊళ్ళో పెట్టాలని నా కోరిక. అద్దె 6,000, ఫ్రేములు ఒక్కోటి 1,400. మొదటి రోజు పొద్దున్న వెళ్ళేసరికి హాలు నిర్వాహకులు ప్రతి బొమ్మ కింద సామెత అచ్చు వేయించి అతికించారు. ఫోన్లో మాటల సందర్భంలో నేనే చెప్పిన సామెతలు అవి. నన్ను అడగలేదు. జనానికి అర్థం కావాలి కదండీ అన్నారు. నాకు గొంతు పూడుకుపోయింది. గోయా బొమ్మలకి ఆయన పోయాక ఎవరో పేరు పెట్టారు, నేను బతికుండగానే పెట్టేశారు అనిపించింది. గొడవ పడటం నాకు చేతకాదు. అయినా ఆ రోజు మధ్యాహ్నం దాకా వాదించి, చివరికి నేనే ఒక్కొక్కటీ గోరుతో ఊడదీశాను.

ఆ పూటంతా గమనించాను. కాగితాలున్నంతసేపు వచ్చినవాళ్ళు కిందకి చూశారు, చదివారు, ఒకసారి పైకి చూసి నవ్వారు, పక్క బొమ్మకి వెళ్ళారు. తీసేశాక మొదట విసుక్కున్నారు. "ఏంటండీ ఇది, చెప్పచ్చుగా" అని ఇద్దరు ముగ్గురు కోప్పడ్డారు కూడా. కానీ నిలబడ్డారు. తోక బొమ్మ దగ్గర ఒక పెద్దాయన "నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు" అన్నారు. ఒక కాలేజీ అమ్మాయి "ఇది ఈఎంఐ సార్" అంది, నవ్వకుండా. నోట్‌బుక్కులో రాసుకున్నాను అవన్నీ. ఆ మూడు రోజుల్లో ఒక్క తోక బొమ్మకే పద్నాలుగు పేర్లు వచ్చాయి. నేను అనుకున్న సామెత చెప్పినవాళ్ళు ముగ్గురే.

తొమ్మిది అచ్చులు అమ్ముడుపోయాయి, ఒక్కోటి 2,500, మొత్తం 22,500. ఖర్చు హాలు, ఫ్రేములతో కలిపి లక్షా ఆరు వేలు దాటింది. ప్రెస్సు మిగిలింది, రెండు ఖాళీ పలకలున్నాయి. డబ్బు తిరిగొస్తుందని ఈ పని మొదలుపెట్టకండి, కానీ ప్రెస్సు ఖర్చు ఒక్కసారే.

అమ్మ రాజమండ్రి రాలేకపోయింది, మోకాళ్ళ నొప్పి. తిరిగొచ్చాక తోక బొమ్మ ఫ్రేముతో సహా ఆమె మంచం ఎదురుగా గోడకి తగిలించాను. వారం రోజులు ఏమీ అనలేదు. సామెత కూడా చెప్పలేదు, నాకు ఆశ్చర్యమేసింది. ఎనిమిదో రోజు పొద్దున్న కాఫీ ఇస్తుంటే అడిగింది.

"ఒరేయ్, ఆ చివర గట్టు మీద దీపం పెట్టడం కుదురుతుందా?"

"ఎందుకమ్మా?"

"వరదప్పుడు డాబా మీద ఉన్న రెండు రాత్రులూ ఏటిగట్టు మీద ఎవరో పెట్రోమాక్స్ పెట్టారు. మీ నాన్నా నేనూ దాన్నే చూస్తూ కూర్చున్నాం. ఆరిపోతుందేమో అని నేను పడుకోలేదు."

ఆ దీపం సంగతి నలభై ఏళ్ళలో నాకు చెప్పలేదు.

చీకటి పట్టించాక వెలుగు తేవాలంటే ఒకటే దారి. తిన్న రాగిని మెరుగు కడ్డీతో రుద్ది రుద్ది నున్నగా చేయాలి, అప్పుడు అక్కడ సిరా నిలవదు. గోయా కూడా ఈ పలకల్లో ఇలా రుద్ది వెలుగు తెచ్చాడు. ఫిబ్రవరి 1, ఆదివారం, పలక కుడివైపు పై మూల, అంటే అచ్చులో ఎడమవైపు, ఒక నూనె చుక్క వేసి మొదలుపెట్టాను. బియ్యపుగింజంత చోటు. ఎక్కువ రుద్దితే గుంట పడుతుంది, తక్కువ రుద్దితే బూడిద రంగులో ఉండిపోతుంది. రెండు గంటల నలభై నిమిషాలు పట్టింది. మధ్యలో మూడుసార్లు ప్రూఫు తీశాను. మూడోదాంట్లో తెల్లగా వచ్చింది.

దీపం లేనివి నాలుగు తీసి ఉన్నాను, రెండు అమ్ముడయ్యాయి, ఒకటి మా ఆవిడ దాచుకుంది. దీపం ఉన్నవి ఆరు తీసి, వాటి మీద రెండో దశ (పలక మార్చాక తీసిన అచ్చు) అని రాశాను. అమ్మ మంచం ఎదురుగా ఫ్రేములో పాతది తీసేసి కొత్తది పెడుతుంటే, దగ్గరికి తెమ్మని, ఆ మూల వేలితో తడిమి చూసింది.